డివోటీ, భక్తురాలు, నీ కథలోని ముసలావిడ

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. తిరుమల క్యూ కాంప్లెక్సులో కూర్చున్న ఆ ముసలావిడ బాగా కుదిరింది. ఒకటే పేచీ. ఒక పేరాలో ఆవిడ ‘భక్తురాలు’, తర్వాతి పేరాలో ‘డివోటీ’. ఒకే మాట మళ్లీ పడకూడదని మార్చావు కదూ? నేనూ చాలా ఏళ్లు అదే పని చేశాను.

ఆ రెండింటి పుట్టిళ్లు వేరు. డివోటీ ఇంగ్లీషులోకి 17వ శతాబ్దంలో వచ్చింది. దాని మూలం లాటిన్ ‘వోవేరే’, అంటే మొక్కుకోవడం. (మన ‘ఓటు’ కూడా ఆ ఇంటి పిల్లే!) ముందు ‘దే’ చేరితే, మొక్కి పూర్తిగా ఇచ్చేయడం. రోమన్లకు ఇది పూలూ పళ్లతో పోయే వ్యవహారం కాదు. క్రీ.పూ. 340లో వెసూవియస్ కొండ దగ్గర పొరుగు జాతి లాటిన్లతో యుద్ధం, రోమన్ సేన వెనక్కి తగ్గుతోంది. సేనను నడిపే కాన్సుల్ (రోమ్ పాలకాధికారి) డేసియస్ మూస్ తలమీద ముసుగేసుకుని, చేత్తో గడ్డం పట్టుకుని, నేలమీద పెట్టిన ఈటెపై నిలబడ్డాడు. పూజారి చెప్పించిన మంత్రం పలికి, శత్రుసేనతోపాటు తననూ పాతాళ దేవతలకు ఇచ్చేశాడు. గుర్రమెక్కి శత్రువుల మధ్యకు దూకి చచ్చిపోయాడు. చరిత్రకారుడు లివీ ఇదంతా పూసగుచ్చినట్టు రాశాడు. ఇక చివరి ‘ఈ’ మన ఎంప్లాయీలో ఉన్నదే. ఉద్యోగం ఇచ్చినవాడు కాదు, పొందినవాడు. ఆ లెక్కన డివోటీ మొక్కులో పోయిన మనిషి.

భక్తికి మూలం ‘భజ్’ ధాతువు. సేవించడం, పంచుకోవడం. భాగం, విభజన దాని తోబుట్టువులే. సంస్కృతంలో ‘భక్తం’ అంటే అన్నం కూడా, హిందీ ‘భాత్’ అక్కడిదే. నైవేద్యం పెట్టి ప్రసాదం తినేవాళ్లకు అతికినట్టుండే మాట.

మరి నీ ముసలావిడ? మనవడికి నయమైతే నిలువుదోపిడీ ఇస్తానని పసుపుగుడ్డలో ముడుపు కట్టింది. హుండీ ముందు కమ్మ సీల ఊడక, చెవి ఎర్రబడేదాకా తిప్పుతుందే, కథ మొత్తానికి ఆ నాలుగు వాక్యాలే ప్రాణం. ఆవిడ పంచుకోవడం లేదు, ఇచ్చేస్తోంది. లాటిన్ లెక్కలో అచ్చమైన డివోటీ. కానీ ఆ మాట ఆవిడ నోట పలకదు. ఆవిడకు తెలిసింది ‘మొక్కు’. దండం పెట్టినా మొక్కే, మాటిచ్చినా మొక్కే.

అన్నట్టు, మూడో పేజీలో కోడలు ‘మొక్కుబడిగా నవ్వింది’ అన్నావు. అక్కడ తీసేయ్. ఆ మాట ముసలావిడకు కావాలి. తిరగరాసి దసరాలోపు పంపు.