ముందు డ్రమ్ము పెట్టి కొలుచుకో నాయనా

నాయనా,

బెంగళూరు ఉద్యోగం వదిలి ఊరికొచ్చి సేద్యం చేస్తానన్నావని మీ నాన్న చెప్పినప్పుడు నా కళ్లు తడిసినాయి. మన ఇంట్లో మళ్లీ ఒకడు మేడి పడతాడనే ఆశ నాకు పోయి చానా కాలమైంది. అయితే వంక అవతలి చేను బోరుకు అయిదు హెచ్‌పీ సోలార్ మోటారు పెట్టి నాలుగెకరాలూ తడి కిందికి తెస్తావనీ, ఎవరో వచ్చి పలకలకు స్థలం కొలిచిపోయినారనీ నిన్న విన్నాను. అందుకే ఈ ఉత్తరం. ఇందులో లెక్కలున్నాయి, ఫోన్లో చెబితే నిలవవు. కాగితం దగ్గర పెట్టుకుని చూడు.

సోలార్ వద్దని నేననను. ఎండకు మన సీమలో కొదవ లేదు. ఓర్వకల్లు పక్కన గని, శకునాల భూముల్లో 1000 మెగావాట్ల కరెంటు ఎండలోంచే తీస్తున్నారు. మనకు కొదవంతా నీళ్లకే. అనంతపురంలో ఏడాదంతా కలిపి పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదైనా వరసగా పడదు. జూన్‌లో నాలుగు చినుకులు చూపించి, ఆ తర్వాత వారాల తరబడి వట్టి గాలి తోలి, సెప్టెంబర్‌లో ఒక్కసారిగా వంకలు పారిస్తుంది. అందుకే పలకలకు అడ్వాన్సు ఇచ్చే ముందు నీ బోరు ఎంత ఇస్తుందో తెలుసుకో.

దానికి పెద్ద పరికరాలేమీ వద్దు. ఏప్రిల్ ఆఖర్లోనో మే నెలలోనో, బోర్లు బాగా దిగిపోయిన రోజుల్లో, బాడుగకు జనరేటర్ తెచ్చి మోటారు వెయ్యి. వేసిన వెంటనే వచ్చే నీళ్లను నమ్మొద్దు, అవి రాత్రంతా ఊరిన నీళ్లు. రెండు గంటలు పోనిచ్చి, అప్పుడు 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూడు. మళ్లీ గంటకొకసారి చూడు. నిండే సమయం పెరుగుతూ పోతే బోరు దిగిపోతోందని అర్థం. ఆఖరున వచ్చిన అంకెనే రాసుకో.

డ్రమ్ము 100 సెకన్లలో నిండిందనుకో. గంటకు 7,200 లీటర్లు. సోలార్ మోటారు గట్టిగా లాగేది రోజుకు ఆరు గంటలు, అంటే 43 వేల లీటర్లు. ఎకరా మీద ఒక్క మిల్లీమీటరు నీళ్లు నిలపాలంటే నాలుగు వేల లీటర్లు కావాల. ఎండాకాలం టమోటాకు డ్రిప్పులో రోజుకు అయిదు మిల్లీమీటర్లు వేసుకున్నా ఎకరాకు 20 వేల లీటర్లు. ఆ బోరు కింద రెండెకరాలకు మించి సాగవు, ఒకటిన్నరకు ఆగితే మంచిది. అదే 200 సెకన్లు పట్టిందనుకో, ఒక ఎకరమే. బోరు ఇంతే ఇచ్చేటప్పుడు మోటారు అయిదు హెచ్‌పీ అయితేనేమి, పది అయితేనేమి?

ఇది నేను పుస్తకం చూసి చెబుతున్నది కాదు. తూర్పు చేను బోరులో రెండించుల నీళ్లు పడినప్పుడు ఆశకొద్దీ పెద్ద మోటారు దించినాను. మొదటి ఎండాకాలం బాగానే పోసింది. రెండో ఏడు గుక్కలు గుక్కలుగా పోస్తూ బురద తెచ్చింది. ఒక రోజు మధ్యాహ్నం పైపుకు చెయ్యి అడ్డం పెడితే వట్టి గాలి తగిలింది. పక్కనే ఉన్న మీ పెద్దమ్మ ఒక్క మాట అనకుండా ఇంటికి నడిచిపోయింది. ఆ బోరులోకి మళ్లీ నీళ్లు రాలేదు. అది కరెంటు మోటారు, కోత ఉన్నప్పుడైనా బోరుకు విరామం దొరికేది. సోలార్‌కు బిల్లూ లేదు, కోతా లేదు, పొద్దు పొడిచింది మొదలు లాగుతూనే ఉంటుంది. ఆపాల్సింది నువ్వే. నీళ్లు తగ్గితే తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు కంట్రోలర్‌లో ఉందో లేదో అడిగి, ఎదురుగా నిలబడి చూపించుకో.

ఇంటి పక్క చేనుకు సర్వీసు ఉంది, పగటిపూట ఉచిత కరెంటు వస్తోంది. అక్కడ అప్పు చేసి పలకలు పెట్టొద్దు. వంక అవతలికి స్తంభాలు లేవు కాబట్టి అక్కడ సోలార్ సబబు. 2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకం లెక్క ప్రకారం పంపు ఖర్చులో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం పెట్టుకుంటే మిగతాది రైతు వాటా. ఇప్పుడు మనకు వర్తించేది ఎంతో నెడ్‌క్యాప్ ఆఫీసుకు, అదే సోలార్ వ్యవహారాలు చూసే రాష్ట్ర ప్రభుత్వ సంస్థకు, నువ్వే పోయి కనుక్కో. సబ్సిడీ ఇప్పిస్తామని ఇంటికొచ్చే వాళ్ల చేతిలో రూపాయి పెట్టొద్దు.

పలకలు దక్షిణానికి తిప్పి, పదిహేను డిగ్రీల వాలులో నిలపమను. గట్టు మీది వేపచెట్టు నీడ ఒక్క పలక మీద పడినా మొత్తం వరస మందగిస్తుంది. కాడి కట్టిన ఎద్దుల్లో ఒకటి కూలబడితే రెండోది ఏం లాగుతుంది? చెట్టు కొట్టొద్దు, పలకలనే జరుపు. ఆషాఢం గాలి నీకు తెలుసు, కాళ్లకు కాంక్రీటు లోతుగా పోయించు. దుమ్ము తెల్లవారుజామునే కడుగు, కాగిన గాజు మీద చన్నీళ్లు పోయొద్దు. బోరు నీళ్లతో కడిగితే వెంటనే గుడ్డతో తుడువు, లేకుంటే ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. ఇంకొకటి, పొద్దున, సాయంత్రం, మబ్బు పట్టినప్పుడు నీటి ఒత్తిడి తక్కువ. డ్రిప్పును ఒకే తూముకు కట్టకుండా చిన్న చిన్న మడులుగా విడదీసి వాల్వులు పెట్టించు.

మిగిలిన భూమి సంగతి. అక్కడ నువ్వు నమ్ముకోవాల్సింది నేలనే. మనమంతా ఏళ్ల తరబడి చెనిక్కాయ (వేరుశనగ) తప్ప వేరే పంట ఎరగనట్టు వేసినాము. ఎర్రనేల ఎండాకాలమంతా బోడిగా మాడి, మొదటి వానకే పైన చెక్కు కట్టి, నీళ్లన్నీ వంకపాలు చేసేది. ఇప్పుడు నేను తొలకరికి ముందే, వట్టి దుక్కిలోనే, నవధాన్యాలు చల్లుతున్నాను. జొన్న, సజ్జ, కొర్ర, అలసంద, అనుములు, పెసలు, నువ్వులు, ఆముదం, ఇంట్లో ఏవుంటే అవి. విత్తనానికి బంకమట్టి, పేడ ఎరువు, బూడిద పట్టించి ఆరబెడితే వాన దాకా చెడకుండా కాచుకుంటుంది. మీద చెనిక్కాయ పొట్టు కప్పుతాను. ప్రకృతి సేద్యం నేర్పే ప్రభుత్వ సంస్థ, రైతు సాధికార సంస్థ వాళ్లు దీన్ని పీఎండీఎస్ అంటారు, అంటే వానలకు ముందే పొడి దుక్కిలో విత్తడం. పోయినేడు చినుకు లేని పదో రోజు ఆ పొట్టు పక్కకు తీసి వేలు గుచ్చినాను. రెండు కణుపుల కింద మట్టి చల్లగా, ముద్ద అయ్యేటట్టుంది. గట్టు దాటి బోడి చేలో గుచ్చితే గోరు కూడా దిగలేదు. నిన్ను ఆ రెండు చోట్లా వేలు పెట్టి చూడమనాలని అప్పుడే అనిపించింది.

చెనిక్కాయ మానమని కాదు. ఏడు సాళ్లకు ఒక సాలు కంది పెట్టు, కంది వేరు లోతుకు పోయి వెనక వానలు అందుకుంటుంది. సాళ్లన్నీ వాలుకు అడ్డంగా తోలి, మధ్యమధ్య నీళ్లు ఇంకేటట్టు విత్తనం వెయ్యని గొడ్డుసాళ్లు వదులు. ఊడలు దిగేటప్పుడు వాన మొహం చాటేస్తే ఒక్క తడి పంటను నిలబెడుతుంది. కానీ ఎకరాకు 20 మిల్లీమీటర్లు కట్టాలన్నా 80 వేల లీటర్లు, అంటే మనం వేసుకున్న బోరుకు రెండు రోజుల పని. అందుకని చేను పల్లపు మూలలో కుంట తవ్వించు. వానలప్పుడు అది నిండితే బోరు మీద భారం తగ్గుతుంది. పలకలకు పెట్టే డబ్బులో కొంత ముందు దానికే తియ్యి.

పంట కోసినాక రెండు రాత్రులు గొర్రెల మంద ఆపించు. ఆ మాట నేను కాపరితో చెప్పిపెడతాను.

ఆదివారం ట్రాక్టర్ వేసుకుని రా. డ్రమ్ము మా కొట్టంలో ఉంది. మీ పెద్దమ్మ బూడిద కలిపి కుండల్లో దాచిన అలసంద, అనుములు, ఆముదం విత్తనాలు నీకోసం మూట కట్టి పెట్టింది. వంక అవతలి చేనుకు అవి సరిపోతాయి, ఇంటి పక్క చేనుకు కొర్రలు మాత్రం నువ్వు తెచ్చుకోవాల.

ఇట్లు,
మీ పెద్దనాన్న