పీటర్ పాన్ ముందు నాటకమా, నవలా?

ముందు వచ్చింది నాటకమే. స్కాట్లండ్ రచయిత జె. ఎం. బారీ రాసిన, ఎప్పటికీ పెద్దవాడు కాని పిల్లాడి కథ 'పీటర్ పాన్'ను 1904 డిసెంబర్ 27న లండన్‌లోని డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్‌లో మొదటిసారి ఆడారు. అదే కథ 'పీటర్ అండ్ వెండీ' నవలగా 1911లో వచ్చింది.

నవలే ముందని చాలామంది అనుకోవడానికి కారణం ఉంది. బారీ నాటకాన్ని ఏళ్ల తరబడి మారుస్తూ పోయాడు. నాటక ప్రతి అచ్చయింది 1928లో. అప్పటిదాకా ఈ కథను బారీ మాటల్లో ఇంట్లో కూర్చుని చదవాలంటే నవలే దిక్కు.

కథ రంగస్థలం మీద పుట్టిందని టింకర్ బెల్ సన్నివేశం చూస్తే తెలుస్తుంది. టింకర్ బెల్ పీటర్‌తో ఉండే బుల్లి దేవకన్య; స్టేజీ మీద ఆమె ఒక చిన్న వెలుగు చుక్క. విషం తాగాక ఆ వెలుగు మినుకుమినుకుమంటూ ఆరిపోతుంటే, దేవకన్యలున్నారని నమ్మేవాళ్లు చప్పట్లు కొట్టండని పీటర్ ప్రేక్షకులనే అడుగుతాడు. ఎంత గొప్ప ఆలోచన! హాల్లో పిల్లలు చప్పట్లు కొడితేనే ఆమె బతుకుతుంది. నవలలో ప్రేక్షకులు లేరు కాబట్టి, పీటర్ ఉండే ఊహాలోకం నెవర్‌లాండ్ గురించి కలలు కంటున్న పిల్లలను అడుగుతాడు.

1906 నాటి 'పీటర్ పాన్ ఇన్ కెన్సింగ్టన్ గార్డెన్స్'ను ఈ కథకు మొదటి భాగం అనుకోవడం ఇంకో పొరపాటు. అది బారీ 1902లో పెద్దల కోసం రాసిన 'ద లిటిల్ వైట్ బర్డ్' నవల నుంచి తీసిన అధ్యాయాలు. పీటర్ పేరు మొదట కనిపించింది అక్కడే, కానీ అందులో అతను ఏడు రోజుల పసివాడు. పీటర్‌తో నెవర్‌లాండ్‌కు వెళ్లే అమ్మాయి వెండీ లేదు, అతని శత్రువైన సముద్రపు దొంగ కెప్టెన్ హుక్ లేడు.