డాక్టరేట్ కోసం పొలం తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా టంగుటూరు దగ్గర పల్లె, పొగాకు పండిస్తాం. నాకు 28 ఏళ్లు. ఎంపీఈడీ (వ్యాయామ విద్యలో పీజీ) చేసి ఒంగోలులో ఒక ప్రైవేటు పాఠశాలలో పీఈటీగా (వ్యాయామ ఉపాధ్యాయురాలిగా) పనిచేస్తున్నాను. జీతం 18,000. అధ్యాపక అర్హత పరీక్ష యూజీసీ నెట్ పాసయ్యాను గానీ, అందులో మంచి మార్కులు వచ్చినవారికి పీహెచ్‌డీ కోసం ఇచ్చే ఫెలోషిప్ జేఆర్ఎఫ్ రాలేదు. వ్యాయామ శాస్త్రంలో పీహెచ్‌డీ చేసి విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలిని కావాలని నా కోరిక. అమెరికాలో ముందు ఎమ్మెస్, ఆ తర్వాత పీహెచ్‌డీ చేయమని, ఎమ్మెస్‌కు 45 లక్షలవుతుందని కన్సల్టెన్సీ వారు చెప్పారు. బ్యాంకు 25 లక్షలు ఇస్తుందట. మిగతా 20 లక్షలు పొలం తాకట్టు పెట్టి రూపాయిన్నర వడ్డీకి తెస్తానని నాన్న అంటున్నారు. నా పేరున 2,40,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: పొలం జోలికి వెళ్లవద్దమ్మా. మీ కోరికను మాత్రం వదులుకోకండి. ఆ రెండింటినీ ముడిపెట్టాల్సిన అవసరం లేదు.

ముందు అప్పు సంగతి చూద్దాం. 25 లక్షల బ్యాంకు రుణానికి 11 శాతం వడ్డీ వేసుకుంటే, పదేళ్లపాటు నెలకు సుమారు 34,400 కట్టాలి. చదువుకునే రెండేళ్లలో పేరుకునే వడ్డీని ఇందులో కలపలేదు. రూపాయిన్నర వడ్డీ అంటే ఏడాదికి 18 శాతం. 20 లక్షలకు నెలనెలా 30,000 వడ్డీకే పోతుంది, అసలు ఒక్క రూపాయి తగ్గదు. రెండూ కలిపితే 64,400. మన దగ్గర యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం మొదలయ్యేదే 57,700తో. ఆ ఉద్యోగం వచ్చినా మూల వేతనం ఒక్కటే కిస్తీలకు చాలదన్నమాట. పీహెచ్‌డీలో చేరితే అమెరికాలో వచ్చే స్టైపెండు అక్కడి అద్దెకు, తిండికే సరిపోతుంది. అప్పటిదాకా వడ్డీ కట్టాల్సింది నాన్నగారు. ఆయన చేతికి డబ్బు వచ్చేది పొగాకు వేలం జరిగే నెలల్లోనే, అదీ ఆ ఏటి ధరను బట్టి. విద్యారుణం వడ్డీకి పన్ను మినహాయింపు ఉంటుందని కన్సల్టెన్సీ వారు చెప్పే ఉంటారు. అది పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది, పైగా మీ జీతానికి అసలు పన్నే పడదు.

పీహెచ్‌డీ విద్యార్థికి డబ్బిచ్చి చేయించే చదువు. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాతి మూడేళ్లు 42,000 ఇస్తారు. అయిదేళ్లకు 24 లక్షలు, ఇంటి అద్దె భత్యం వేరు. దీనికి వయోపరిమితి 30 ఏళ్లయినా మహిళలకు అయిదేళ్ల సడలింపు ఉంది. పరీక్ష ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. ఒకసారి నెట్ గట్టెక్కిన మీకు జేఆర్ఎఫ్ అందనంత దూరంలో లేదు. ఉద్యోగం మానకుండా మళ్లీ రాయండి. కోచింగుకు 20,000 ఖర్చయినా నేను వద్దనను.

అమెరికాయే కావాలనుకుంటే ఎంపీఈడీతో నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేయవచ్చు. అక్కడి చాలా విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ విద్యార్థులకు ఫీజు మాఫీ చేసి, కింది తరగతులకు పాఠం చెప్పించుకుని స్టైపెండు ఇస్తాయి. మీరు చేయాలనుకున్న పరిశోధన గురించి ఆచార్యులకు ముందే ఈమెయిల్ రాయండి. ఎండలో పొగాకు ఆకు కోసే, బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) దగ్గర కర్రలకు అల్లే మీ ఊరి స్త్రీల గుండె వేగం, ఒంటి వేడి ఎంత పెరుగుతాయన్నది మంచి పరిశోధనాంశమని నాకు గట్టిగా అనిపిస్తోంది. అది మీకు తెలిసినంతగా అక్కడ ఎవరికి తెలుస్తుంది? దరఖాస్తులు, పరీక్షల ఫీజులకు డిపాజిట్ నుంచి లక్షకు మించి తీయవద్దు. ఫీజు మాఫీ, స్టైపెండు రెండూ రాతపూర్వకంగా ఇవ్వని సీటు మీకు అక్కరలేదు.

ఇక్కడే చేరితే మీకు నాగార్జున విశ్వవిద్యాలయం దగ్గర. చెన్నైలో తమిళనాడు వ్యాయామ విద్య, క్రీడల విశ్వవిద్యాలయం ఉంది. గ్వాలియర్‌లో 1957 నుంచి నడుస్తున్న లక్ష్మీబాయి జాతీయ వ్యాయామ విద్యా సంస్థ ఉంది. ఎక్కడైనా చేరే ముందు ప్రయోగశాల చూడండి. ట్రెడ్‌మిల్‌పై పరుగెత్తిస్తూ ఆక్సిజన్ వినియోగాన్ని కొలిచే యంత్రం పనిచేస్తోందా, ఒళ్లు శ్రమపడినప్పుడు రక్తంలో పెరిగే లాక్టేట్‌ను చూసే స్ట్రిప్పులు ఎవరు కొంటారు అని పాత విద్యార్థులను అడగండి. లేకపోతే ఆ ఖర్చు మీ స్టైపెండు మీద పడుతుంది, చదువూ ఏళ్ల తరబడి సాగుతుంది. జేఆర్ఎఫ్ రాకపోతే, పాఠశాల నుంచి అనుమతి పత్రం తీసుకుని పార్ట్‌టైమ్‌గా చేయడానికి 2022 యూజీసీ నిబంధనలు ఒప్పుకుంటాయి.

డిగ్రీ చేతికొచ్చాక వెంటనే రెగ్యులర్ పోస్టు వస్తుందని లెక్క వేసుకోకండి. నోటిఫికేషన్లు అరుదు. కొన్నేళ్లు అతిథి అధ్యాపకురాలిగా నెట్టుకురావాల్సి రావచ్చు. అప్పు లేకపోతేనే ఆ ఏళ్లు గడుస్తాయి.

మీ 2,40,000ను ఒకే డిపాజిట్‌గా ఉంచకుండా మూడుగా విడగొట్టండి: పైన చెప్పిన దరఖాస్తులకు ఒక లక్ష, కోచింగు వంటి ఖర్చులకు 40,000, ఫెలోషిప్ ఆలస్యమైతే వాడుకోవడానికి ఒక లక్ష. ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి ఆలస్యం కావడం పరిశోధకులందరికీ తెలిసిందే. ఆ చివరి లక్షను దానికోసం కదపకుండా ఉంచండి. ఫెలోషిప్‌లో పీఎఫ్ ఉండదు కాబట్టి, డబ్బు రావడం మొదలైన నెల నుంచే పీపీఎఫ్‌లో 5,000 చొప్పున వేయండి. అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా లేకపోతే ఈ ఏడాదే తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు కొన్నేళ్లు ఆగాల్సి ఉంటుంది, ఆ గడువు మీకు జీతం వస్తుండగానే మొదలవడం మేలు.