వెళ్లడం కంటే ముందు తిరిగి రావడం గురించి మాట్లాడుకోండి

విదేశంలో ఉంటున్న మీరు రెండేళ్లుగా భారత్‌లోని అమ్మానాన్నలను చూడలేదని, కోవిడ్ మహమ్మారి మొదలయ్యాక పుట్టిన మీ బాబును వారు ఇంతవరకు ఎత్తుకోనైనా లేదని రాశారు. ఈ 2021 డిసెంబరు సెలవులకు నలుగురికీ టికెట్లు తీసుకున్న తరువాత కోవిడ్ కొత్త వేరియంట్ ఒమిక్రాన్ వార్త విని మీవారు ప్రయాణం మానుకుందామన్నారని, పిల్లలతో మీరొక్కరే వెళతానన్నప్పటి నుంచి ఇంట్లో మాటలు తగ్గిపోయాయని, ‘నాది స్వార్థమా?’ అని అడిగారు. స్వార్థం కాదు. కన్నవారిని చూడాలనుకోవడానికి ఎవరి ముందూ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు.

అయితే మీవారి భయాన్ని మీ పుట్టింటిపై అయిష్టంగా తీసుకోకండి. నవంబరు 26న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒమిక్రాన్‌కు పేరు పెట్టిన కొద్ది రోజులకే అనేక దేశాలు ఆఫ్రికా ఖండపు దక్షిణ ప్రాంతం నుంచి వచ్చేవారిని ఆపేశాయి. అమెరికా డిసెంబరు 6 నుంచి బయలుదేరడానికి ఒక రోజు ముందే పరీక్ష చేయించుకుని రావాలన్నది. డిసెంబరు 15న మొదలుపెట్టాలనుకున్న సాధారణ అంతర్జాతీయ విమానాలను భారత్ వాయిదా వేసింది. టికెట్ కొన్ననాటి నిబంధన విమానం ఎక్కేనాటికి ఉంటుందన్న నమ్మకం లేదు.

మీ వాదనంతా వెళ్లడం చుట్టూనే తిరుగుతోంది. నన్ను ఆలోచింపజేసింది మాత్రం మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన సంగతి: మీరంతా అక్కడ తాత్కాలిక వీసాపై ఉంటున్నారు. సరిహద్దులు మూసినప్పుడు దేశాలు సాధారణంగా తమ పౌరులను రానిస్తాయి. మీవంటి వారికి ఆ భరోసా లేదు. ఆస్ట్రేలియా 2020 మార్చి 20న తలుపులు మూసినప్పుడు పౌరులు, శాశ్వత నివాసులు, వారి దగ్గరి కుటుంబ సభ్యులకే ప్రధానంగా మినహాయింపు ఇచ్చింది. సెలవులకు ఊరికి వెళ్లిన తాత్కాలిక వీసాదారులు ఎందరో అద్దె ఇల్లు, ఉద్యోగం, సామాన్లు అక్కడే ఉండగా నెలల తరబడి బయటే మిగిలిపోయారు. పైగా మీరు నలుగురు. తిరుగు ప్రయాణానికి ముందు ఒక్కరికి పాజిటివ్ వచ్చినా మిగిలిన ముగ్గురూ ఆగాలి, లేదా కుటుంబం రెండుగా చీలాలి. కోలుకున్నాక కూడా ఆర్‌టీపీసీఆర్ పరీక్ష కొందరికి వారాల పాటు పాజిటివ్ చూపించవచ్చు. ఆ పరిస్థితి వస్తే పాప బడి, మీవారి ఉద్యోగం, చేతిలోని డబ్బు ఎన్ని వారాలు తట్టుకోగలవో ఇద్దరూ కలిసి కాగితం మీద రాసుకోండి.

మీ అమ్మానాన్నలు ఆరోగ్యంగా ఉన్నారని రాశారు కాబట్టి, ఈ సెలవులకు మీరెవరూ వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. చంటిబిడ్డతో, పాపతో మీరొక్కరే వెళ్లి చిక్కుకుపోవడం నలుగురూ కలిసి చిక్కుకుపోవడం కంటే కష్టం. టికెట్లు రద్దు చేసేముందు రుసుము లేకుండా తేదీ మార్చే వీలుందేమో విమాన సంస్థను అడగండి. కోవిడ్ కాలంలో చాలా సంస్థలు ఆ సౌకర్యం ఇచ్చాయి.

ఇక అన్నిటికంటే జాగ్రత్తగా చేయవలసిన పని, ఈ మాట మీ అమ్మగారికి చెప్పడం. ‘ఆయన వద్దన్నారు’ అని మాత్రం చెప్పకండి. ఆ ఒక్క మాట మీ పుట్టింట్లో అల్లుడి మీద ఏళ్ల తరబడి నిలిచిపోతుంది, సరిహద్దులు తెరుచుకున్నాక కూడా. వీడియో కాల్‌లో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, ‘మేము ఆలోచించి నిర్ణయించుకున్నాం’ అని మీరే మొదలుపెట్టండి. వీసా సంగతి మీవారిని వివరించమనండి. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి, వెంటనే ఓదార్చడానికి కొత్త తేదీ వాగ్దానం చేయకండి. తల్లిదండ్రుల మీద ప్రేమ లేదని మీ అన్నయ్య అన్న మాటకు ఇప్పుడు జవాబు ఇవ్వనక్కరలేదు. ఆయన అక్కడ ఒంటరిగా మోస్తున్న బాధ్యత ఆ మాట అనిపించి ఉండవచ్చు.

మీవారిని మాత్రం ఒక్కటి స్పష్టంగా అడగండి: మీ పుట్టింట్లో ఎవరికైనా తీవ్రంగా జబ్బు చేస్తే, నిబంధనలు ఎలా ఉన్నా, తిరిగి రావడం ఎంత ఆలస్యమైనా మీరు వెళతారని, పిల్లలను ఆయన చూసుకుంటారని. ఈ ఒప్పందం ఈ వారంలోనే, ఇద్దరూ నెమ్మదిగా ఉన్న సమయం చూసి కుదుర్చుకోండి.