మస్క్ కొన్నాక అంతమంది ట్విటర్‌ను ఎందుకు వదిలేశారు?

యాప్ పాడైందని కాదు, నడిపేవాళ్ల మీద నమ్మకం పోయింది, అసలు కారణం అదే. 2022 అక్టోబర్ 27న ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు ట్విటర్‌ను కొన్నారు, వారం దాటగానే దాదాపు సగం మంది ఉద్యోగులను తీసేశారు.

ఆ తర్వాత బ్లూ టిక్. అంతకుముందు ఆ టిక్ ఉందంటే ఖాతా అసలుదేనని కంపెనీ చూసి ఇచ్చినట్టు. నవంబర్‌లో దాన్ని నెలకు 8 డాలర్లకు అమ్మకానికి పెట్టేసరికి, ఎవరో ఎలై లిల్లీ అనే మందుల కంపెనీ పేరుతో ఖాతా తెరిచి, టిక్ కొనుక్కుని, ఇన్సులిన్ ఇకపై ఉచితం అని పోస్ట్ పెట్టారు. కంపెనీ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఇన్సులిన్ ఖర్చు భరించలేక షుగర్ రోగులు అల్లాడే అమెరికాలో ఇది ఎంత దారుణమో ఆలోచించండి.

డిసెంబర్‌లో కొందరు జర్నలిస్టుల ఖాతాలు ఆపేశారు. మాస్టొడాన్ (ట్విటర్ లాంటి ఇంకో సైట్), ఫేస్‌బుక్ లాంటి వాటికి లింకులిస్తే ఊరుకోమని ఒక రూల్ పెట్టి, గొడవయ్యాక వెనక్కి తీసుకున్నారు. నాకైతే అన్నిటికంటే ఇదే పెద్ద తప్పనిపిస్తుంది, ఎందుకంటే వెళ్లిపోయేవాళ్లకు దారి మూయాలని చూస్తే ఉందామనుకున్నవాళ్లకు కూడా టెన్షన్ పట్టుకుంటుంది.

2023లో అమెరికా రేడియో సంస్థ ఎన్‌పీఆర్, 2024 నవంబర్‌లో బ్రిటన్ పత్రిక గార్డియన్ అక్కడ పోస్టులు ఆపేశాయి. మామూలు జనం మాస్టొడాన్‌కో, ట్విటర్ లాంటిదే అయిన బ్లూస్కైకో వెళ్లారు. చాలామంది మాత్రం కోపంగా ఉండి కూడా కదల్లేదు, ఏళ్ల తరబడి కూడిన ఫాలోవర్లను వెంట తీసుకెళ్లే వీలు లేదు కదా. మాస్టొడాన్‌ను మాత్రం ఒకే కంపెనీ కాదు, వేర్వేరు వాళ్లు తమ తమ సర్వర్లలో నడుపుతారు, అందుకే ఒక సర్వర్ నడిపేవాళ్లు నచ్చకపోతే ఫాలోవర్లతో సహా ఇంకో సర్వర్‌కు మారొచ్చు, కాకపోతే పాత పోస్టులు మాత్రం వెంట రావు.