మలుపులో కుదుపు వస్తే అలైన్‌మెంట్ కాదు, టైర్లు చూడండి

పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే సెకండ్ హ్యాండ్ బీఎండబ్ల్యూ ఎక్స్3 ఎక్స్‌డ్రైవ్ (నాలుగు చక్రాలకూ పవర్ వెళ్లే బండి) కుదుపుతోందంటే, అనుమానం ముందు ట్రాన్స్‌ఫర్ కేస్ మీదే, అంటే పవర్‌ని ముందు, వెనక చక్రాలకు పంచే భాగం మీదే. అమ్మేవాళ్లు చెప్పినట్టు చక్రాల అలైన్‌మెంట్ తేడా అయితే బండి ఓ పక్కకు లాగుతుంది, ఇలా కుదపదు.

1. టైర్లు ఎంత అరిగాయో చూసి చాలామంది వదిలేస్తారు. అసలు చూడాల్సింది నాలుగూ ఒకే కంపెనీవా, ఒకే మోడలా, దాదాపు సమానంగా అరిగాయా అని. టైరు పక్క గోడ మీద తయారీ తేదీ చెప్పే నాలుగంకెలుంటాయి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. బయటివైపు కనిపించకపోతే వంగి లోపలివైపు చూడండి. ముందు అరిగినవి, వెనక కొత్తవి ఉంటే చుట్టుకొలతలో తేడా వచ్చి ట్రాన్స్‌ఫర్ కేస్‌లోని క్లచ్ ఊరికే నలుగుతుంది. (కొన్ని వేరియంట్లకు ముందూ వెనకా సైజే వేరు, దానికి టెన్షన్ వద్దు.)

2. ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ మార్చిన బిల్లు అడగండి. "లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, మార్చక్కర్లేదు" అంటే నమ్మకండి.

3. బండి చల్లగా ఉన్నప్పుడోసారి, అరగంట తోలాక ఇంకోసారి నెమ్మదిగా గుండ్రంగా తిప్పి చూడండి.

ఒకే రకం టైర్లు వేసి, ఆయిల్ మార్చాక కూడా కుదుపు పోకపోతే ట్రాన్స్‌ఫర్ కేస్ రిపేరుకు కొటేషన్ తీసుకుని ఆ మొత్తాన్ని బండి ధరలో తగ్గించమనండి. ఒప్పుకోకపోతే వేరే బండి చూసుకోండి.