వర్డ్‌లో ఫారం రెండోసారి నింపితే 5941 లోపం ఎందుకు వస్తుంది?

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో మీరు కోడ్‌తో చేసిన యూజర్‌ఫారంలో (వివరాలు అడిగే చిన్న కిటికీలో) ఇచ్చిన పేరు, తేదీ మొదటిసారి ఒప్పంద పత్రంలో సరిగానే చేరుతున్నాయనీ, అదే పత్రాన్ని మళ్ళీ నింపబోతే 5941 లోపం వస్తోందనీ మీరు రాశారు. మీ ఫారంలో తప్పేమీ లేదు. వర్డ్‌లో కొంత పాఠ్యాన్ని చుట్టుకొని ఉన్న బుక్‌మార్క్ (పత్రంలో ఒక చోటును గుర్తించే పేరు) రేంజ్‌కు, అంటే అది చుట్టిన భాగానికి, కొత్త పాఠ్యాన్ని కేటాయించగానే ఆ బుక్‌మార్క్ కూడా చెరిగిపోతుంది కాబట్టి, రెండోసారి మీ కోడ్ వెతికే పేరు అక్కడ ఉండదు. ఆ రేంజ్‌ను ముందుగా ఒక వేరియబుల్‌లో ఉంచుకొని, పాఠ్యం మార్చిన వెంటనే అదే రేంజ్‌పై, అదే పేరుతో బుక్‌మార్క్‌ను తిరిగి చేర్చితే లోపం తొలగుతుంది.

అయితే ఫారంలో ఇచ్చిన ఒకే వ్యక్తి పేరు పత్రంలో అనేక చోట్ల రావాలంటే, నా ఉద్దేశంలో బుక్‌మార్క్‌లను వదిలి, వర్డ్ 2007 నుంచి ఉన్న కంటెంట్ కంట్రోల్స్‌కు (పత్రంలో విలువలు నింపే గడులకు) మారడమే మేలు. వాటన్నిటినీ ఒకే ఎక్స్‌ఎంఎల్ అంశానికి (పత్రం లోపల దాగి ఉండే డేటా విలువకు) అనుసంధానిస్తే ఒకచోట మార్చిన విలువ మిగతా అన్నిచోట్లా దానంతట అదే మారుతుంది. ఈ అనుసంధానానికి 2013 నుంచి డెవలపర్ ట్యాబ్‌లోనే ప్రత్యేక పేన్ ఉంది. కంట్రోల్‌ను ఎవరూ తొలగించకుండా తాళం వేయండి గానీ, లోపలి పాఠ్యానికి కూడా వేస్తే మీ కోడ్ సైతం దానిలో రాయలేదు (నేనూ ఒకసారి అలాగే చిక్కుకున్నాను). ఫైలును మాక్రోలు (అంటే మీ కోడ్) ఉన్న టెంప్లేట్‌గా, .dotm రూపంలో భద్రపరచండి.